ఇక్కత్‌లో కాటమరాజు ఆవులు: కొమ్ములు మెట్లుమెట్లుగా వస్తున్నాయి

భువనగిరి మగ్గం:
గోడకు వేలాడదీసే ఇక్కత్ గుడ్డ (పోగులను ముందే అక్కడక్కడ కట్టి, రంగులో ముంచి, తర్వాత నేసేది). వెడల్పు 36 అంగుళాలు, ఎత్తు 24. గొల్ల సుద్దుల కథల్లోని వీరుడు కాటమరాజు, ఆయన ఆవుల మంద. బొమ్మంతా పేకలోనే (అడ్డంగా పోయే పోగులో). అంగుళానికి 64 పోగులు, ఆసు (పేక పోగును వరసగా చుట్టే చట్రం) మీద గుత్తికి 8 చొప్పున కట్టిన. కొమ్ములు మెట్లు పడ్డయి. నేత పైకి పోయేకొద్దీ ఒక్క ఆవు రెండావుల లెక్క కనబడుతోంది. తప్పు కట్టులోనా, నేతలోనా?

పోగు లెక్క:
రెండింట్లోనూ ఉంది. గుత్తికి 8 పోగులంటే ఒక్కో మెట్టు అంగుళంలో ఎనిమిదో వంతు. అన్నీ 4 చేస్తే 192 గుత్తులు 384 అయితయి, చేతులు పోతయి. కొమ్ములున్న 3 అంగుళాలకే 4 పోగుల గుత్తి పెట్టండి, అక్కడ 24 బదులు 48 కట్టాలె, అంతే. కొమ్ముల్ని పక్కలకు పరవకుండా నిలువుగా లేపండి. పేక ఇక్కత్‌లో వాలు గీతకే పెద్ద మెట్లు పడతయి. కాటమరాజు ముఖం మాత్రం వద్దు, కళ్లూ మీసాలూ నిలవవు. తలపాగా, కర్ర చాలు.

ఆసు కొయ్య:
రెండావుల సంగతి నేతది. ఆసు మీది పోగు గుడ్డ వెడల్పు కంటే 1 మిల్లీమీటరు పొడుగున్నా ఆ తేడా ప్రతి పోగుకూ పెరుగుతూ పోతది. నాడె (పేక పోగును మోసుకుపోయేది) అటు పోయినప్పుడు బొమ్మ ఒక దిక్కు, ఇటు వచ్చినప్పుడు ఇంకో దిక్కు జరుగుతది. పది పోగులకే సెంటీమీటరు! ఎక్కువైన పోగును అంచు బయట చిన్న ఉచ్చులా వదిలి, ప్రతి పోగుకూ బొమ్మ కలుపుకుంటూ నేయాలె. ఆసు పొడవును పన్నె (మగ్గం మీది దువ్వెన) వెడల్పుతో కాదు, నేసిన గుడ్డ వెడల్పుతో కొలవండి.

భువనగిరి మగ్గం:
సమజైంది అన్నా. తెలుపులోకి ఎరుపు పాకుతోంది, దానికేం చేయాలె?

పోగు లెక్క:
సైకిల్ ట్యూబు పట్టీని బాగా సాగదీసి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేటట్టు కట్టండి. నాలుగు గుడ్డలకు సరిపడే పోగులు ఒకేసారి కలిపి కట్టితే గుత్తి లావై లోపలి పోగు బిగవదు. తెల్లగా ఉండాల్సింది ముందు కట్టి అంతా ఎరుపులో ముంచాలె. తర్వాత ఎరుపు నిలవాల్సిన చోట కట్టి నలుపులో. పూర్తిగా ఆరక ముందే కట్టు విప్పొద్దు, తడి రంగే పాకేది.

పుట్టపాక తేలియా రుమాల్ (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ గుడ్డ) ఎరుపు కావాలంటే కట్టుకు ముందే నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజూ నానేసి ఆరబెట్టాలె. వారాల పని. అలిజరిన్ అనే ఎర్ర రంగు పట్టేది ఆ నూనె వల్లనే, గుడ్డకు ఆ వాసన కూడా ఉంటది.