నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేయొచ్చా?

అమలాపురం అబ్బాయి:
నాన్నగారి ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. ఇంటెల్ ఆరో తరం, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో తరం కన్నా పాతవాటిని దాదాపుగా ఒప్పుకోదు. ఆయన చూసేది యూట్యూబ్, కరెంటు బిల్లు, కొబ్బరికాయల లెక్కలు, అంతే. విండోస్ బదులు లైనక్స్ మింట్ (ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) వేసేద్దామా?

పాలకొల్లు డీటీపీ:
వద్దండీ బాబూ. మాకు రోజంతా అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకరే. అవి విండోస్‌వి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంటు లేనిచోట శుభలేఖ తెరిస్తే "శ్రీరస్తు" బదులు పిచ్చి ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి.

భీమవరం చెరువుగట్టు:
అన్నా, మీది షాపు, ఆయనది ఇల్లు. మా ఇంట్లో ఏడాదిగా మింటే. బ్రౌజర్ గుర్తు పాతచోటే పెట్టాను, అమ్మకి తేడానే తెలియలేదు. తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది.

ఏడిపించింది ప్రింటరే. రొయ్యల మేత లెక్క లిబ్రెఆఫీస్‌లో (ఎక్సెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) వేసి ప్రింట్ కొడితే, పనైపోయిందని తెర మీద వస్తుంది, కాగితం మాత్రం కదలదు. ఆ పాత లేజర్ మోడల్‌కి కంపెనీ సొంత డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉండాలి. రెండు రాత్రులు కూర్చున్నా లొంగలేదు. ఇప్పుడు పీడీఎఫ్ చేసి ఫోన్‌కి పంపి, సెంటర్లో జిరాక్స్ షాపులో తీయిస్తున్నాం. (మా నాన్న ఇప్పటికీ దెప్పుతారు.) అందుకే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడండి. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు హార్డ్‌డిస్క్ జోలికి పోదు. వైఫై, సౌండ్, ప్రింటర్ మూడూ పనిచేస్తేనే ముందుకెళ్ళండి.

తణుకు అకౌంట్స్:
లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ, డిజిటల్ సంతకానికి వాడే యూఎస్‌బీ టోకెన్ ఉంటే మాత్రం విండోస్‌లోనే ఉండండి.

పాలకొల్లు డీటీపీ:
సరే, ఇల్లే అనుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు తెర నల్లబడితే ఎవరు చూస్తారు? రిపేరు షాపుకి ఇస్తే, అడక్కుండా ఫార్మాట్ కొట్టి విండోస్ వేసి పంపుతారు. కొబ్బరి లెక్కలు గోదాట్లో కలిసినట్టే.

అమలాపురం అబ్బాయి:
నా భయమూ అదే. నిన్న పెన్‌డ్రైవ్‌తో నడిపి చూపించాను. వైఫై పట్టింది, సౌండ్ వచ్చింది. ప్రింటర్ ఎలాగూ మాకు లేదు. నాన్నగారి మొదటి ప్రశ్న: "పేకాట ఏదిరా?" సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికి వేసి ఇచ్చాను, గంటసేపు లేవలేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు కొత్త ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్) కొని మింట్ అందులో వేస్తాను. పాత హార్డ్‌డిస్క్ విండోస్‌తో సహా బీరువాలో ఉంటుంది. తేడా వస్తే అదే తీసి బిగించమంటాను.