పొమేరియన్ కుక్కకి మోకాలి చిప్ప జారడం గ్రేడ్ 2 అన్నారు, ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా?

శ్రావణి_కాకినాడ:
ఆడ పొమేరియన్, 11 నెలలు, 3.8 కిలోలు. నడుస్తూ నడుస్తూ ఎడమ వెనక కాలు ఎత్తేసి నాలుగైదు అడుగులు మూడు కాళ్ళ మీద గెంతుతుంది. ఒకసారి కాలు వెనక్కి విదిలించి, ఏమీ జరగనట్టే పరిగెడుతుంది. రోజుకి రెండు మూడు సార్లు ఇలా అవుతోంది. ముట్టుకుంటే అరవదు. డాక్టరు గారు చేత్తో చూసి ఎడమ కాలు గ్రేడ్ 2, కుడి కాలు గ్రేడ్ 1, రెండింటిలోనూ చిప్ప లోపలివైపు జారుతోంది అన్నారు. ఎక్స్‌రేలో మాత్రం చిప్ప సరిగ్గానే ఉంది. ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, ఆగొచ్చా? కాల్షియం సిరప్ పోస్తే గట్టిపడుతుందా? ఇంట్లో అంతా టైల్సే. వచ్చే హీట్‌కి (ఎదకి) క్రాసింగ్ చేయిద్దామని ఇంట్లో వాళ్ళు అంటున్నారు, అది కూడా చెప్పండి.

రఘు_వెట్:
శ్రావణి గారూ, ముందు ఎక్స్‌రే సంగతి. చిప్ప ఉండాల్సింది తొడ ఎముక చివర ఉండే గాడిలో. గ్రేడ్ 2లో అది పోతూ వస్తూ ఉంటుంది. ఎక్స్‌రే తీసిన క్షణాన గాడిలో ఉంటే గాడిలోనే కనిపిస్తుంది. ఈ జబ్బుని పట్టుకునేది డాక్టరు వేళ్ళే. కాలు చాపి, పాదం కొంచెం లోపలికి తిప్పి, బొటనవేలితో చిప్పని పక్కకి నెట్టి చూస్తారు. నెడితేనే పోయి, వదలగానే తనంతట తాను వచ్చేస్తే గ్రేడ్ 1. నడకలో దానంతటదే జారి, కాలు చాపగానే సర్దుకుంటే 2. ఎప్పుడూ పక్కనే ఉండి, నెడితే గాడిలోకొచ్చి మళ్ళీ జారిపోతే 3. ఎంత నెట్టినా గాడిలోకి రాకపోతే 4. మీరు చెప్పిన ఆ విదిలింపు చిప్పని వెనక్కి తెచ్చుకునే పనే. కాలు వెనక్కి చాచినప్పుడు తొడ ముందు కండరం వదులై చిప్ప గాడిలోకి దిగుతుంది.

అయినా ఎక్స్‌రే వృథా కాదు. ఇదే వయసు చిన్న జాతి కుక్కల్లో తొడ ఎముక తలకి రక్తం అందక అది కుళ్ళిపోయే పెర్తెస్ జబ్బు వస్తుంది, అదీ కుంటే. తుంటి కూడా పడేలా తీసిన ఫిల్మ్ అయితే దాన్ని ఒకసారి చూడమని అడగండి.

కాల్షియం గురించి గట్టిగా చెప్పాలి. ఇది ఎముక బలం తక్కువై వచ్చే జబ్బు కాదు. తొడ కండరం, చిప్ప, చిప్ప కింది పట్టీ, మోకాలి కింది ఎముక మీద ఆ పట్టీ అతుక్కునే బుడిపె, ఇవన్నీ ఒకే గీతలో ఉండాలి. పుట్టుకతో వచ్చిన వంపు వల్ల ఆ గీత లోపలికి లాగుతుంది. ఎదిగే వయసులో చిప్ప ఒత్తుతూ ఉంటేనే గాడి లోతవుతుంది, ఒత్తిడి లేకపోతే పలకలా చదునుగా ఉండిపోతుంది. సిరప్ ఏ గాడినీ లోతు చేయదు. మంచి పప్పీ ఫుడ్ తినే కుక్కకి విడిగా కాల్షియం అక్కర్లేదు. లాబ్రడార్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతి పిల్లలకైతే ఎక్కువ కాల్షియం నేరుగా హాని చేస్తుంది, ఎముకల ఎదుగుదల దారి తప్పుతుంది. వట్టి పెరుగన్నం మీద పెరిగే కుక్కకైతే తిండి మొత్తం మార్చాలి, సీసా ఒకటి కలిపితే సరిపోదు.

ఇక ఆపరేషన్. గ్రేడ్ నంబరు ఒక్కటి చూసి నిర్ణయించకండి. పొమేరియన్‌కి 11 నెలలకి ఎముకల ఎదుగుదల దాదాపు అయిపోయినట్టే, కాబట్టి రాత్రికి రాత్రి 2 కాస్తా 4 అయిపోదు. ఆరు వారాలు రోజూ ఎన్నిసార్లు కాలెత్తిందో క్యాలెండర్ మీద గీతలు పెట్టండి, వారానికోసారి పక్కనుంచీ వెనకనుంచీ వీడియో తీయండి. గీతలు తగ్గుతుంటే ఆగొచ్చు. పెరుగుతుంటే, లేదా కాలెత్తి పది నిమిషాలైనా దించకపోతే, చిప్ప జారినప్పుడల్లా గాడి గట్టు మీది గుజ్జు అరుగుతోందని అర్థం, అప్పుడు ఆలస్యం చేయొద్దు. ఒక్కసారిగా కాలు పూర్తిగా మోపడం మానేస్తే మాత్రం చిప్ప అనుకుని ఊరుకోకండి. చిప్ప జారే కుక్కల్లో మోకాలి లోపల ఎముకల్ని కట్టి ఉంచే క్రూషియేట్ లిగమెంట్ తెగే ప్రమాదం ఎక్కువ, ముఖ్యంగా నడివయసులో.

మౌనిక_ఫిజియో:
ఆ ఆరు వారాల్లో చేయాల్సినవి. మొదటిది బరువు. 3.8 కిలోల కుక్క 300 గ్రాములు పెరిగిందంటే 60 కిలోల మనిషి దాదాపు ఐదు కిలోలు పెరిగినట్టు. బొచ్చు కుక్కని కళ్ళతో అంచనా కట్టలేం. పక్కటెముకల మీద వేళ్ళు నడపండి. మీ చేతి వెనకవైపు తడిమినట్టు ఉంటే సరైన బరువు, అరచేయి తడిమినట్టు మెత్తగా ఉంటే తిండి తగ్గించాలి.

టైల్స్ మొత్తం కప్పక్కర్లేదు. పడక నుంచి గిన్నెకి, గిన్నె నుంచి గుమ్మానికి అది నడిచే దారిలో పాత యోగా మ్యాట్ ముక్కలు వేయండి. పాదాల కింద మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు రెండు వారాలకోసారి కత్తిరించండి. పొమేరియన్ జారేది ఎక్కువగా వీటి వల్లే. సోఫా మీంచి దూకనివ్వొద్దు, వెనక కాళ్ళ మీద నిలబెట్టి ఆడించొద్దు. రోజుకి రెండుసార్లు 10 నుంచి 15 నిమిషాలు లీష్ మీద నెమ్మది నడక. నెమ్మదిగా నడిస్తేనే నాలుగు కాళ్ళూ వాడుతుంది, పరుగులో చెడ్డ కాలు ఎత్తేసి తప్పించుకుంటుంది. దీంతోపాటు కూర్చోబెట్టి లేపడం, ఐదారు సార్లు చొప్పున రెండు పూటలా. కూర్చున్నప్పుడు కాలు పక్కకి చాపేస్తే గోడ మూలకి ఆనించి చేయించండి.

శ్రావణి_కాకినాడ:
చాలా థాంక్సండీ. ఎక్కువ కుంటిన రోజు ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర సగం వేయొచ్చా? ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

రఘు_వెట్:
వేయొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకి కడుపులో పుండ్లు తెస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. పిల్లికి పారాసిటమాల్ ఒక్క మాత్రే ప్రాణం తీస్తుంది. కుక్కలకి వాడే మెలాక్సికామ్ మోతాదు మొదటి రోజు కిలోకి 0.2 మి.గ్రా., తర్వాత 0.1. అంటే మీ కుక్కకి మొదటి రోజు 0.76 మి.గ్రా. మాత్రమే. మనుషుల మాత్ర 7.5 మి.గ్రా., అందులో సగం వేసినా ఐదు రెట్లు. డాక్టరు రాస్తేనే, కుక్కల సిరప్పే, తిండి తిన్నాకే. వాంతులు, విరేచనాలు ఉంటే ఆపేసి ఫోన్ చేయండి.

ఆపరేషన్‌లో గాడి అడుగున గుజ్జుతో సహా ఒక ముక్క కోసి, కింద ఎముక కొంత తీసి, అదే ముక్కని లోతుగా కూర్చోబెడతారు. చిప్ప పట్టీ అతుక్కున్న బుడిపెని కోసి బయటివైపు జరిపి పిన్నులతో బిగిస్తారు. లోపలివైపు బిగువు వదులు చేసి, బయటివైపు వదులు బిగిస్తారు. కుట్లతో బిగించి సరిపెడతామంటే ఎందుకని అడగండి. బుడిపె వంకర ఉన్న కాలికి ఎముక పని చేయకపోతే కొన్ని నెలల్లో చిప్ప మళ్ళీ జారుతుంది. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు కేజ్ రెస్ట్ (బోనులోనే ఉంచి విశ్రాంతి), చివర్లో ఎక్స్‌రే. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. రెండో వారానికి నొప్పి తగ్గి మంచం మీంచి దూకుతుంది, జరిపిన బుడిపె పిన్నులతో సహా ఊడొస్తుంది. మోకాలి కింద చర్మంలో గట్టిగా ఏదైనా తగిలితే పిన్ను జరిగిందేమో చూపించండి. దగ్గర్లో సర్జన్ దొరక్కపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో అడిగి చూడొచ్చు.

క్రాసింగ్ మాత్రం వద్దండీ. ఇది ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, డీఎన్ఏ పరీక్షతో తేలేది కాదు. బాగున్న మగదాన్ని తెచ్చినా పిల్లలకి వచ్చే అవకాశం ఉంటుంది. కెన్నెల్ క్లబ్ కాగితం వంశం చెబుతుంది, మోకాళ్ళ గురించి చెప్పదు. పిల్లని కొనేవాళ్ళు తల్లిదండ్రుల మోకాళ్ళు ఏడాది నిండాక పరీక్ష చేయించారా అని అడగాలి.

నల్లపిల్లి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా రెండేళ్ళ స్కాటిష్ ఫోల్డ్ పిల్లి కిటికీ మీదికి దూకడం మానేసింది, తోక ఎత్తితే కసురుతోంది. ఇదీ చిప్పేనా?

రఘు_వెట్:
పిల్లుల్లోనూ చిప్ప జారుతుంది, డెవాన్ రెక్స్, అబిసీనియన్ జాతుల్లో ఎక్కువ. మీదానికి మాత్రం మొదటి అనుమానం వేరే. చెవి మడతపడడానికి కారణమైన జన్యువే ఒళ్ళంతా మృదులాస్థిని చెడగొడుతుంది. చెవి మడతపడిన ప్రతి పిల్లికీ ఎంతోకొంత ఈ కీళ్ళ జబ్బు ఉంటుంది. తోక గట్టిపడిందా, వెనక పాదాలు పొట్టిగా, మడమ దగ్గర ఉబ్బుగా ఉన్నాయా చూడండి. వెనక పాదాలకీ తోకకీ ఎక్స్‌రే తీయించండి. నయం చేసే మందు లేదు కానీ నొప్పి తగ్గించొచ్చు, అది జీవితాంతం చూసుకోవాలి. అంచు తక్కువున్న లిట్టర్ ట్రే పెట్టండి, కిటికీకి రెండు మెట్లు చేయించండి. తోక పట్టి ఎత్తకండి, పిల్లలకీ చెప్పండి.