పడిపోయిన గేదె దగ్గర "ఇక చాలు" అనేది ఎప్పుడు?

లంకల్లో_పశువైద్యం (ప్రశ్న):

అందరికీ నమస్కారమండి. కోనసీమ, పశ్చిమ గోదావరి పల్లెల్లో పెద్ద పశువులు చూసే డాక్టర్లని అడుగుతున్నా. కుక్కలు, పిల్లుల ప్రాక్టీసు సంగతి వేరు, దయచేసి అది ఇందులో కలపొద్దు.

గేదె ఈని పడిపోతుంది. కాల్షియం ఎక్కుతుంది, ఫాస్ఫరస్ ఎక్కుతుంది, సెలైన్లు ఎక్కుతాయి. లేవదు. అయిదో రోజుకి తుంటి ఎముకల మీద చర్మం ఒలిచిపోయి పుండ్లు మొదలవుతాయి. ఇంటావిడ "ఇంకొక్క సీసా ఎక్కించండి డాక్టరుగారూ" అంటుంది. పక్కింటాయన "కోతకి బండి పిలుస్తాం, మీరో సంతకం పెట్టండి చాలు" అంటాడు. గేదె మీద డ్వాక్రా అప్పు ఇంకా నడుస్తూ ఉంటుంది.

వైద్యం ఆపాల్సిన రోజు వచ్చిందని ఎలా తెలుస్తుంది? నొప్పి లేకుండా ప్రాణం తియ్యాలంటే చట్టం ఏమంటుంది, పద్ధతిగా ఎలా చెయ్యాలి? వారానికో కేసు ఇలా చూస్తుంటే అది మనసులో పేరుకుపోతుంది కదా, దానికేం చేస్తున్నారు? "ధైర్యంగా ఉండండి" లాంటి జవాబులొద్దండి.

గొడ్లచావిడి:

ఆపాల్సిన రోజు అయిదోనాడు తేల్చేది కాదండి. మొదటిరోజే చెప్పి ఉంచాలి. ఇక్కడ జరిగే తప్పులు చాలావరకు "ఇవాళ చూద్దాం, రేపు చూద్దాం" దగ్గర పుట్టినవే.

పాల జ్వరమైతే, అంటే ఈనాక ఒంట్లో కాల్షియం తగ్గి పడిపోతే, కాల్షియం బోరోగ్లూకోనేట్ 450 మి.లీ. సీసా ఒంటి వేడికి తెచ్చి, పది పదిహేను నిమిషాలు పట్టేలా నరానికి ఎక్కించాలి. స్టెతస్కోపు గుండె మీదే ఉండాలి, లయ తప్పితే చుక్క ఆపెయ్యాలి. నిజంగా పాల జ్వరమే అయితే రెండు మూడు గంటల్లో గేదె తల నిలబెడుతుంది, తేన్పు వస్తుంది, పేడ వేస్తుంది, చాలావరకు లేస్తుంది కూడా. ఎనిమిది పన్నెండు గంటల తర్వాత రెండో సీసా ఇచ్చినా కదలకపోతే జబ్బు మరొకటి ఉన్నట్టే. మూడోది, నాలుగోది ఎక్కించడం రైతు తృప్తి కోసమే, గుండెకి చేటు.

అక్కడ ఆగి మళ్ళీ మొదటినుంచి చూడాలి. మూత్రం కాఫీ రంగులో ఉందా? ఒట్టి వరిగడ్డి మీద బతికే మన గేదెల్లో ఫాస్ఫరస్ తగ్గి ఎర్రమూత్రం పడటం మామూలే. సోడియం యాసిడ్ ఫాస్ఫేట్ 60 గ్రాములు 300 మి.లీ. డిస్టిల్డ్ వాటర్లో కలిపి నెమ్మదిగా ఇవ్వాలి. కాల్షియం ఎక్కిన గొట్టంలోనే ఇది వదిలారంటే రెండూ కలిసి విరిగిపోతాయి. పొదుగు చన్ను చన్నుకీ పిండి చూడండి, విషపు పొదుగువాపు ఉన్న గేదె కూడా చల్లబడి అచ్చం పాల జ్వరంలాగే పడుకుంటుంది. మాయ పడిందా, గర్భసంచిలో కుళ్ళు ఉందా? రెక్టల్ (ఆసనంలోంచి చెయ్యి పెట్టి చూసే పరీక్ష) చేస్తూ ఇంకొకరిచేత వెనక కాలు ఊపిస్తే తుంటి జారిందో, ఎముక విరిగిందో చేతికి తెలుస్తుంది, టకటక తగులుతుంది. దూడని బలంగా లాగిన కేసైతే కటిలోపలి నరం నలిగి కాళ్ళు పక్కలకి జారిపోతుంటాయి.

ఇవేవీ లేకపోతే మిగిలేది కండ. నాలుగైదు వందల కిలోల బరువు ఒకే కాలి మీద పడి గంటలు గడిస్తే కింద రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. మొదట పడింది కాల్షియం తగ్గి, లేవలేకపోతున్నది మాత్రం సిమెంటు నేల వల్ల. కాబట్టి మందుకంటే పడక ముఖ్యం. జానెడు మందాన ఇసుక, పైన గడ్డి. మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. దానికి నలుగురు మనుషులు కావాలి, ఆ నలుగురు దొరకని ఇంట్లో ఎంత ఖరీదైన మందైనా దండగ. తుంటి క్లాంపుతో (తుంటి ఎముకలకి బిగించి పైకెత్తే పట్టీతో) లేపితే పది నిమిషాలు, అంతే. కాళ్ళ మీద బరువు వెయ్యకుండా వేలాడుతుంటే వెంటనే దించెయ్యాలి. కాలవలోకి దింపితే లేస్తుందని ఊళ్ళో ఎవరో ఒకరు చెప్తారు. నీళ్ళు బరువు మోస్తాయన్నది నిజమే, కానీ తొట్టిలో తల పట్టుకుని నిలబెట్టడం వేరు, పారే కాలవలో బురద కింద కాళ్ళు చీలిపోవడం వేరు.

గడువు ఇలా పెట్టుకోండి. మొదటి 24 గంటల్లో కారణం తేలాలి. మూడో రోజుకి తింటోందా, ముందుకాళ్ళ మీద పాకడానికైనా చూస్తోందా? చూస్తుంటే వారం దాకా కష్టపడొచ్చు, పదో రోజున లేచినవీ ఉన్నాయి. మెడ వాల్చేసి ఒక పక్కకి పడిపోయి, గిట్టల మధ్య గిచ్చినా కాలు తియ్యకపోతే, తుంటి జారినా తొడ ఎముక విరిగినా, ఆ రోజే చెప్పెయ్యాలి.

ఇంకోటి, అడగలేదు గానీ చెప్తా. పడిపోయిన గేదె చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టొద్దు. రేబిస్ అనుకునే మొదలుపెట్టండి. ముందుజాగ్రత్త టీకా 0, 7 రోజుల్లోనూ, 21 లేదా 28వ రోజునా వేయించుకుని ఉంటే, తర్వాత ఎప్పుడైనా తగిలినప్పుడు 0, 3 రోజుల్లో రెండు డోసులు సరిపోతాయి, సీరం అక్కర్లేదు.

పాలకేంద్రం_మూడోవీధి:

నేను డాక్టర్ని కాదండి, పాడి వైపు మనిషిని. పై జవాబులో ఒకటి తప్పిపోయింది, డబ్బు. "మొదటి రోజు ఇంత, మూడో రోజు దాకా ఇంత, ఆ తర్వాత లేచే ఆశ ఇంత" అని పాకలోనే, ఇంటావిడ ముందు చెప్పండి. మగాళ్ళు అరుగు మీద కూర్చుని ఊ కొడతారు గానీ పాలు పిండేదీ, అప్పు కట్టేదీ ఆవిడే. "దేవుడి దయ" అని మాట దాటేస్తే రైతు దాన్ని "లేస్తుంది" అనే అర్థం చేసుకుంటాడు, చెవిపోగులు తాకట్టు పెట్టి మరీ మందులు తెస్తాడు. నిజం చెప్తే డాక్టర్ని తిట్టుకుంటారనేది ఒట్టి భయమేనండి. తిట్టుకునేది చివర్లో చెప్తే.

రిటైర్డ్_ఏడీ:

గేదెని కోతకి పంపడానికి అడిగే ఆ సంతకం గురించి. పెట్టొద్దు.

రాష్ట్రంలో 1977 నాటి గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం ప్రకారం ఆవుని గానీ, ఆవు దూడని గానీ, గేదె దూడని గానీ కోతకి పంపడం కుదరదు. పెద్ద గేదెకైతే పాలకీ, ఈతకీ, పనికీ ఇక పనికిరాదన్న ధ్రువపత్రం కావాలి. అది ఉన్నంత మాత్రాన సరిపోదు, 1978 పశురవాణా నియమాల కింద ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని కూడా పశువైద్యుడే రాసివ్వాలి. నిలబడలేని గేదెని "ప్రయాణానికి తగును" అని రాస్తే అది అబద్ధపు పత్రం. తాళ్ళు కట్టి లారీలోకి ఈడ్చేటప్పుడు దాని బాధ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. పైగా అయిదు రోజులు యాంటీబయాటిక్ ఎక్కిన మాంసం ఎవరో ఒకరి పళ్ళెంలోకి వెళ్తుంది.

నొప్పి లేని చావు సంగతి. 1960 జంతుహింస నిరోధక చట్టం 13వ సెక్షను ఉన్నదే బాధపడుతున్న పశువు కోసం. యజమాని దగ్గరుండి ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. యజమాని లేకపోయినా, ఒప్పుకోకపోయినా, కానిస్టేబుల్ కంటే పై స్థాయి పోలీసు అధికారి ఆ ప్రాంతపు పశువైద్యాధికారిని పిలిపిస్తారు, "ఇక బతికించి ఉంచడం క్రూరత్వమే" అని ఆయన ధ్రువీకరిస్తే మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుంటారు. జాతీయ రహదారి మీద లారీ గుద్దిన ఆంబోతుకి దారి ఇదే. ఆవు జాతి విషయంలో ఊళ్ళో నలుగురూ పోగవుతారు, అక్కడ మీ ఒక్కరి నోటి మాట మీద పని జరగనివ్వకండి.

ఇంటి గేదె అయినా కాగితం రాయించాలి. 12 అంకెల చెవి ట్యాగు నంబరు, జబ్బు, చేసిన వైద్యం, ఎన్నో రోజు, యజమాని సంతకం, ఇద్దరు సాక్షులు. బీమా ఉంటే ఇంజక్షనుకి ముందే కంపెనీకి కబురు వెళ్ళాలి, తర్వాత చెప్తే క్లెయిము దగ్గర పేచీ పెడతారు. ట్యాగు కనపడేలా బతికుండగా ఫోటో, చనిపోయాక ఫోటో. పాపం పేదవాళ్ళు కదా అని చచ్చిన గేదెకి ట్యాగు కొట్టడం, తేదీ వెనక్కి వెయ్యడం దయ అనిపిస్తుంది. అదే ఊళ్ళో రేపు నిజమైన క్లెయిము వచ్చినప్పుడు మీ సంతకాన్ని నమ్మేవాడుండడు.

సంక్రాంతికి భీమవరం వైపు ఇదే తలనొప్పి ఇంకో వేషంలో వస్తుంది. కత్తి దెబ్బ తిన్న పుంజుకి కుట్లు వెయ్యండి, తప్పులేదు, అది వైద్యం. బరి పక్కన టెంటులో కూర్చోవడం, పందేనికి ముందు స్టెరాయిడ్ పొడవడం వైద్యం కాదు.

సూది_దారం:

పద్ధతి నేను చెప్తా, అందరూ సగం సగం చేసేది ఇక్కడే.

ఒట్టి మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) ఎక్కించి చంపడం ఘోరం. గేదెకి తెలివి ఉండగానే కండరాలు ఆగిపోయి ఊపిరాడక పోతుంది, బయటికి ప్రశాంతంగా కనపడుతుంది, అంతే. జైలజీన్ ఇచ్చి దాని మీద మెగ్‌సల్ఫ్ వేసినా తక్కువే, జైలజీన్ ఇచ్చేది మత్తు (మగత) గానీ మైకం (స్పృహ పూర్తిగా పోవడం) కాదు. వరస ఇది: జైలజీన్‌తో నెమ్మదించాక మెడ నరానికి లావుపాటి కాన్యులా (మందు ఎక్కించే గొట్టం) పెట్టి కుట్టెయ్యాలి, మధ్యలో జారితే అందరికీ నరకం. తర్వాత థయోపెంటోన్ అనే మైకం మందు, పూర్తి మైకం వచ్చేదాకా. పెద్ద గేదెకి గ్రాము వయళ్ళు ఒకటి రెండు ఏమూలకీ చాలవు, ముందే లెక్కేసి తెచ్చుకోవాలి. కంటి నల్లగుడ్డు మీద దూది తాకించినా రెప్ప కదలకూడదు. అప్పుడే మెగ్‌సల్ఫ్ చిక్కటి ద్రావణం వేగంగా. చివరికి స్టెతస్కోపుతో అయిదు నిమిషాలు నిండా వినాలి, గుండె శబ్దం లేకపోతేనే లేవండి.

ఇంటివాళ్ళకి ముందే చెప్పాల్సినవి: కళ్ళు తెరిచే ఉంటాయి, ఒకటి రెండు పెద్ద ఎగశ్వాసలు రావచ్చు, కాళ్ళు అదురుతాయి, మూత్రం పడుతుంది. చెప్పకపోతే "ఇంకా బతికే ఉంది, డాక్టరు వదిలేశాడు" అని ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. పిల్లల్ని పంపెయ్యండి గానీ, ఉంటానన్న ఇంటావిడని పొమ్మనొద్దు. పసుపు, కుంకుమ పెట్టుకుంటానంటే ఆ పది నిమిషాలూ ఇవ్వండి.

కళేబరం దగ్గర డెల్టా కష్టం డెల్టాదే. ఆరడుగులు తవ్వమని పుస్తకం చెప్తుంది, వానాకాలంలో మన దగ్గర మూడడుగులకే నీళ్ళు ఊరతాయి. కాబట్టి కొబ్బరితోటలో మెరక చూసుకుని, బావికీ బోరుకీ దూరంగా, వీలైనంత లోతు తవ్వి, అడుగున సున్నం, పైన సున్నం, మట్టి నడుమెత్తు దిబ్బ పొయ్యాలి. పొక్లెయిన్‌ని ఇంజక్షనుకి ముందే మాట్లాడి ఉంచాలి. ఈ గేదెని కుక్కలు తిన్నా, కాకులూ గద్దలూ పొడిచినా థయోపెంటోన్ వాటికీ ఎక్కుతుంది. చేపల చెరువుకి మేతగా అడిగేవాళ్ళూ ఉంటారు, ససేమిరా ఒప్పుకోవద్దు.

నొప్పికి మందు ఇచ్చేటప్పుడు కూడా, పశువులకి డైక్లోఫెనాక్ 2006 నుంచీ, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023 నుంచీ నిషేధం. ఆ మందులు ఎక్కిన కళేబరాలు తిని రాబందుల కిడ్నీలు పోతున్నాయనే కదా. మెలాక్సికామ్ కిలోకి 0.5 మి.గ్రా. చాలు.

లంకల్లో_పశువైద్యం:

చాలా థాంక్సండి, కాగితం నమూనా రాసుకుంటున్నా. మూడో ప్రశ్నకి మాత్రం అందరూ పక్కనుంచి వెళ్ళిపోయారు.

కాన్యులా_14:

దానికి జవాబు సగం పైనే ఉంది. పశువైద్యుణ్ణి రాత్రి నిద్రపోనివ్వనిది చావు కాదు, తన మాట మీద తనకి నమ్మకం లేకుండా చేసిన పని. రాయకూడని పత్రం రాసినప్పుడు, ఆరో సీసా ఎందుకో తెలియకుండా ఎక్కించినప్పుడు, సరిపడా మందు లేకుండా మొదలుపెట్టినప్పుడు. ఇవి తగ్గితే బరువు సగం తగ్గుతుంది.

మిగతా సగానికి చిన్న చిన్న ఏర్పాట్లు. అలాంటి కేసుకి ఒక్కరే వెళ్ళొద్దు. కొలీగో, కాంపౌండరో ఎవరో ఒకరుండాలి. అది అయ్యాక వెంటనే ఇంకో కేసుకి బండి తియ్యకుండా అరగంట వదలాలి. వారం తర్వాత ఆ ఇంటికి ఒక ఫోను చెయ్యాలి, అవతలివాళ్ళ కోపం చాలావరకు అక్కడే దిగుతుంది. థయోపెంటోన్, జైలజీన్ ఇంట్లో, బండి డిక్కీలో పెట్టుకోవద్దు. ఆసుపత్రి బీరువాలో, స్టాకు రిజిస్టరులో రాసి, తాళం ఇంకొకరి దగ్గర. ఇది లెక్కల కోసమే కాదు, మన కోసం కూడా. నిద్ర పట్టకపోవడం, పశువుని చూడగానే విసుగు, తాగుడు పెరగడం, బతుకు మీద విరక్తి మాటలు కనపడితే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోను చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

మూకుమ్మడి చావు మాత్రం వేరే లెక్క. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కిలోమీటరు లోపల కోళ్ళన్నింటినీ తీసెయ్యాల్సి వచ్చింది. అందులో జబ్బు లేనివీ ఉంటాయి, వైద్యం అన్న మాటకే చోటుండదు. అలాంటి డ్యూటీలో పెంచిన మనిషిచేతే కోళ్ళు పట్టించకూడదు. రక్షణ కిట్టు వేసుకున్నవాళ్ళని గంట గంటకీ మార్చాలి, లెక్క రాసేవాళ్ళనీ మార్చాలి. రోజంతా అంకెలు రాసిన మనిషి కూడా చేత్తో చేసినవాడంత నలుగుతాడు, అది ఎవరికీ తట్టదు.

తవుడు_కుడితి:

చిన్న సందేహమండి. తల్లి పోయాక దూడ సంగతి? ఆడదైతే ఎలాగో సాకుతారు, దున్నదూడ అయితే నాలుగు రోజుల్లో అదీ పోతుంది.

గొడ్లచావిడి:

అందుకే తల్లి పడిపోయిన రోజే దూడ గురించి మాట్లాడాలి. తల్లికి బాధ లేకుండా వీలైనంత వరకు జున్నుపాలు పిండి మొదటి కొన్ని గంటల్లోనే తాగించాలి, ఆ పాలకి మారు లేదు. పొదుగువాపు ఉంటే ఊళ్ళో ఆ వారం ఈనిన ఇంకో గేదెవి అడగండి. తర్వాత రోజుకి దూడ బరువులో పదో వంతు పాలు, 30 కిలోలుంటే మూడు లీటర్లు, మూడు పూటలుగా, గోరువెచ్చగా. సీసా ఎత్తి నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దూడ మెడ మామూలు ఎత్తులోనే ఉండాలి. తల్లికి యాంటీబయాటిక్ నడుస్తుంటే ఆ పాలు కేంద్రానికి ఎలాగూ పొయ్యకూడదు, దూడకీ వద్దు. దున్నదూడని ఉంచుకోలేమంటే కోపగించుకోకుండా, ఈ మధ్య దూడ చనిపోయిన గేదె ఎవరింట్లో ఉందో కనుక్కోండి. ఆ దూడ చర్మం గానీ మాయ గానీ ఉంటే దీని ఒంటికి రుద్దితే గేదె చేపే అవకాశం ఎక్కువ. అయితే ఈసుకుపోయిన గేదె మాయ మాత్రం వాడొద్దు, బ్రూసెల్లా (గర్భం పోగొట్టే, మనుషులకీ అంటే జబ్బు) ఉండొచ్చు, భుజం దాకా తొడుగు లేకుండా ముట్టుకోనే వద్దు.