పాటలు వింటూ చదివితే మెదడుకు మేలా, చెవికి చేటా?

రాత్రిచదువు:
చెవిలో ఇయర్‌ఫోన్లు లేకపోతే నాకు పేజీ కదలదు. రోజుకు ఆరేడు గంటలు వింటాను. అమ్మ మాత్రం "చెవులు పోతాయిరా" అని ఒకటే గోల. మోజార్ట్ సంగీతం విన్న విద్యార్థులు పరీక్షలో మెరుగ్గా చేశారని 1993లో నేచర్ అనే సైన్సు పత్రికలోనే వచ్చింది కదా. మెదడుకు మంచిదైనప్పుడు ఈ భయం దేనికి?

పాతరేడియో:
ఆ ప్రయోగంలో ఉన్నది 36 మంది కాలేజీ విద్యార్థులండీ. పది నిమిషాలు విన్నాక, మడిచిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో ఊహించడం లాంటి పనుల్లో కాస్త మెరుగయ్యారు. పావుగంటకల్లా ఆ తేడా పోయింది. తెలివి పెరిగిందని అందులో లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్ జెల్ మిల్లర్, పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇద్దామన్నారు! నచ్చింది వింటే హుషారొస్తుంది, ఆ హుషారులో కాసేపు పని బాగా సాగుతుంది. నాకు అర్థమైంది అంతే. పైగా మాటలున్న పాట పెట్టుకుని పాఠం చదివితే రెండూ ఒకదానికొకటి అడ్డం.

స్వరలహరి:
మరీ అంత తీసిపారేయకండి. ఒళ్లు పులకరించే సంగీతం వింటే మెదడులో హాయినిచ్చే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని మాంట్రియల్ పరిశోధకులు 2011లో చూపించారు. హెల్సింకీలో పక్షవాతం వచ్చినవాళ్లు రోజూ నచ్చిన సంగీతం వింటే, మాటలు గుర్తుపెట్టుకునే శక్తి మిగతావారికన్నా బాగా కోలుకుందని 2008లో తేలింది. సంగీతం మందులా పనిచేసిన చోటు కూడా ఉంది.

చెవిలోకూత:
స్వరలహరి గారూ, మీ మాట కాదనను. కానీ మెదడుకు మేలు చేసేది పాట, చెవిని చెడగొట్టేది దాని మోత. ఈ రెండిటినీ కలిపేసే నేను నష్టపోయాను. మోత ఎక్కువున్న బస్సులో రోజూ రెండు గంటలు, వాల్యూమ్ చివరిదాకా పెట్టి వినేవాణ్ణి. దిగాక చెవిలో దూది కుక్కినట్టుండేది, తెల్లారేసరికి పోయేది. పోయింది కదా అని పట్టించుకోలేదు. ఒకరోజు పోలేదు. ఇప్పుడు ఫ్యాన్ ఆపితే ఎడమ చెవిలో సన్నగా కీ... అని మోగుతూనే ఉంటుంది. నాలుగేళ్లయింది.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు పుట్టుకతో 15 వేల దాకా ఉంటాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. మోతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. అది 85 అయితే రోజుకు ఎనిమిది గంటలు హద్దు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమైపోతుంది, 100 దగ్గర పావుగంటే. అందుకే రాత్రిచదువు గారూ, ఆరేడు గంటలన్నారు సరే, ఎంత వాల్యూమ్‌లోనో చెప్పలేదు. బయట మోతలో మీకు హాయిగా అనిపించేంత పెట్టుకోండి. ఇంటికొచ్చాక దాన్ని ముట్టుకోకుండా, తలుపులేసి అదే పాట వినండి.

రాత్రిచదువు:
ఇప్పుడే చేసి చూశానండీ. మొదటి దరువుకే ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్లు పీకేశాను. పక్కన కూర్చున్న అమ్మకు పల్లవి మాటలతో సహా వినిపించిందట.

చెవిలోకూత:
చెవిలో దూది పెట్టినట్టు ఎప్పుడైనా అనిపించిందా?

రాత్రిచదువు:
అనిపించింది. రెండుసార్లు. రేపే చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.