పదేళ్ల ఎనిమిది నెలలు చేసిన మనిషికి గ్రాట్యుటీ ఎంత?

తెనాలి_ఆఫ్‌సెట్:
మాది చిన్న ప్రెస్సు. బైండింగ్ చూసే మనిషి పదేళ్ల ఎనిమిది నెలలు చేసి మానేస్తున్నాడు. ఒకప్పుడు పన్నెండు మంది ఉండేవాళ్లు, ఇప్పుడు ఎనిమిది మందే. పదిమంది లేరు కాబట్టి గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసినవాళ్లు మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) అక్కర్లేదని ఆడిటర్ గారన్నారు. నాకు మనసొప్పట్లేదు. ఇచ్చినవాళ్లెవరైనా చెప్పండి.

బెజవాడ_అకౌంట్స్:
ఇవ్వాలండీ. పన్నెండు మంది ఉన్నప్పుడే 1972 గ్రాట్యుటీ చట్టం కిందికి వచ్చేశారు. తర్వాత తగ్గినా అది వదలదు. ఆఖరి నెల బేసిక్ (అసలు జీతం), డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి 15తో గుణించండి. ఏడాదికి అంత. ఆరు నెలలు దాటిన ముక్క పూర్తి ఏడాదే, కాబట్టి అతనికి పదకొండేళ్లు వేయాలి. 13,000 అయితే ఏడాదికి 7,500, మొత్తం 82,500. ముప్పై రోజుల్లో ఇచ్చేయండి, దాటితే వడ్డీ.

గోదారి_స్వీట్స్:
నేను ఇవ్వక తప్పు చేశాను. మా మిఠాయి మాస్టర్ తొమ్మిదేళ్లు చేసి మానేశాడు. తనంతట తను మానేసినవాడికి ఇవ్వక్కర్లేదనుకున్నా. అతను లేబర్ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ ముందు అపాయింట్‌మెంట్ లెటర్ అడిగారు, లేదు. హాజరు పట్టీలో మొదటి రెండేళ్లు లేవు. అతని దగ్గర మాత్రం ఈఎస్ఐ కాగితం ఉంది, చేరిన తేదీతో సహా, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. అసలూ వడ్డీ కట్టాను. డబ్బు సంగతి అలా ఉంచండి, అన్నేళ్లు పొయ్యి ముందు నిలబడ్డ మనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పానే అన్న బాధ ఇంకా పోలేదు.

మియాపూర్_హెచ్ఆర్:
బేసిక్‌లో 4.81 శాతం నెలనెలా పక్కన పెట్టండి, ఒక్కసారిగా మీద పడదు. ఎల్ఐసీలో గ్రూప్ గ్రాట్యుటీ పథకం కూడా ఉంది.

బెజవాడ_అకౌంట్స్:
ఇంకో మాట. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అపాయింట్‌మెంట్ లెటర్ అందరికీ ఇవ్వాల్సిందే. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచినా లాభం లేదు, మొత్తంలో సగం దాటిన అలవెన్సు వేతనంలోనే కలుస్తుంది. నిర్ణీత గడువు మీద తీసుకున్నవాళ్లకైతే గ్రాట్యుటీకి ఏడాది నిండితే చాలు, మిగతావాళ్లలా ఐదేళ్లు అక్కర్లేదు.

తెనాలి_ఆఫ్‌సెట్:
అతను తీసుకున్న అడ్వాన్సు 20,000 ఉంది, ఇందులోంచి పట్టుకోవచ్చా మేడం?

బెజవాడ_అకౌంట్స్:
గ్రాట్యుటీ ముట్టుకోకండి. బాకీ సంగతి విడిగా కూర్చుని మాట్లాడుకోండి.

తెనాలి_ఆఫ్‌సెట్:
అలాగేనండీ. బేసిక్ 14,300, లెక్క వేస్తే 90,750 వచ్చింది. సోమవారం చెక్కు ఇస్తున్నా. మిగతా ఏడుగురికీ చేరిన తేదీ వేసి లెటర్లు మా మెషీన్ మీదే అచ్చు వేయిస్తున్నా.