అంతా ముందే నిర్ణయమైతే మన నిర్ణయం మనదేనా?

ప్రశ్న: ప్రతిదానికీ ముందే కారణం ఉంటే నేను కష్టపడి ఏం లాభం? జరిగేది ఎలాగూ జరుగుతుంది కదా. పైగా మనం అనుకునే లోపే మెదడు పని మొదలుపెట్టేస్తుందని 1983లో న్యూరోసైంటిస్ట్ బెంజమిన్ లిబెట్ చేసిన ప్రయోగంలో తేలింది. ఇక స్వేచ్ఛ ఎక్కడ?

మొదటి జవాబు: మీరు తలరాతనీ నియతివాదాన్నీ కలిపేశారు. ఏం చేసినా ఫలితం మారదనేది తలరాత. నియతివాదం అలా అనదు, ప్రతి ఘటనా అంతకుముందున్న పరిస్థితుల నుంచి, ప్రకృతి నియమాల ప్రకారం వస్తుందంటుంది, మీరు కష్టపడటం కూడా ఆ పరిస్థితుల్లో ఒకటి కాబట్టి అది లేకపోతే ఫలితమూ వేరే. "తగ్గే రోగం ఎలాగూ తగ్గుతుంది, వైద్యుడెందుకు" అనే వాదన ప్రాచీన గ్రీకులదే. తగ్గాలని రాసిపెట్టి ఉంటే వైద్యుణ్ణి పిలవడం కూడా దాంతోపాటే రాసిపెట్టి ఉంటుందని గ్రీకు తత్వవేత్త క్రిసిప్పస్ అప్పుడే చెప్పాడు.

తోచినప్పుడు మణికట్టు కదపమన్న లిబెట్ ప్రయోగంలో, చెయ్యి కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో సంకేతం కనిపించింది, కదపాలని అనిపించింది మాత్రం 200 మిల్లీసెకన్ల ముందు. కానీ ఆ సంకేతం నిర్ణయం కాకపోవచ్చు, మెదడులో మామూలుగా ఉండే హెచ్చుతగ్గులు పోగవడమే కావచ్చని 2012లో షుర్గర్ అనే న్యూరోసైంటిస్ట్ బృందం చూపించింది. అయినా ఊరికే మణికట్టు కదపడానికీ, ఉద్యోగం మానాలా వద్దా అని నెల్లాళ్లు నలిగిపోవడానికీ పోలికేంటి?

మొన్న రాత్రి కోపంలో ఒక స్నేహితుడికి పెద్ద మెసేజ్ టైప్ చేశాను. బొటనవేలు పంపే బటన్ మీదే ఉంది. రెండేళ్ల కిందట ఇలాగే ఒకటి పంపి ఇంకొకరిని బాధపెట్టింది గుర్తొచ్చి, మొత్తం చెరిపేశాను. దానికి కారణం ఉంది, నిజమే, కానీ ఆ కారణం నా జ్ఞాపకమే, నా సిగ్గే. ఏ కారణమూ లేకుండా వేలు ఆగిపోతే అది నా నిర్ణయం ఎలా అవుతుంది? అణువుల లోపల కొన్ని ఘటనలు ఏ కారణమూ లేకుండా జరుగుతాయనే క్వాంటం యాదృచ్ఛికత తెచ్చిపెట్టినా అంతే, పాచికలు పడ్డట్టు పడిన నిర్ణయం నాది కాదు.

రెండో జవాబు: అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ జ్ఞాపకం ఆ క్షణంలో రావాలని మీరు కోరుకున్నారా? అదే రాత్రి, అదే మెదడు, అణువణువూ అలాగే ఉంటే మీరు పంపి ఉండేవారా? లేదనే కదా నియతివాదం చెప్పేది. మరి ఆ జ్ఞాపకం రాక పంపేసినవాణ్ణి ఏ న్యాయంతో తప్పుపడతాం?

మొదటి జవాబు రాసినవారు: పంపేవాణ్ణి కాదు, ఒప్పుకుంటున్నా. మనిషిని బాధపెట్టడం కోసమే వేసే శిక్షని నేనూ సమర్థించలేను. కానీ తప్పుపట్టడం మొత్తంగా వదులుకోమంటే మాత్రం కుదరదు. రెండేళ్ల కిందట ఆ మనిషి ఫోన్ చేసి, ఏడుస్తూ, "నువ్వలా రాయకుండా ఉండాల్సింది" అని నా తప్పు నాకు చెప్పబట్టే కదా మొన్న నా వేలు ఆగింది.