బతుకమ్మ 2026, టెల్ అవీవ్: తేదీ, హాలు, ప్రయాణం, వంట

సమన్వయకర్త:
ఇజ్రాయెల్‌లో పనిచేసే మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. ఈసారి బతుకమ్మ అక్టోబర్ 17 శనివారం పగలు పెట్టుకుందామని నా ప్రతిపాదన. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ వారంలోనే చెప్పండి, హాలుకు బయానా ఇవ్వాలి.

పెత్రమాస (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) అక్టోబర్ 10న, దసరా 20న వస్తున్నాయి. ఇక్కడి యూదుల పెద్ద పండుగలన్నీ అంతకు ముందే ముగుస్తాయి. వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా సెప్టెంబర్ 11 శుక్రవారం సాయంత్రం మొదలై 13 ఆదివారం చీకటి పడేదాకా ఉంటుంది. ఉపవాస దినం యోమ్ కిప్పూర్ 20 ఆదివారం సాయంత్రం నుంచి 21 సోమవారం రాత్రి వరకు. సుక్కోత్ 25 సాయంత్రం మొదలు, చివరగా వచ్చే సింహత్ తోరా అక్టోబర్ 3 శనివారం. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట: గోడ క్యాలెండర్‌లో ఏ తేదీ వేసినా పండుగ అంతకు ముందురోజు సూర్యాస్తమయానికే మొదలవుతుంది. ఆ మధ్యాహ్నం నుంచే బస్సులు తగ్గిపోతాయి, దుకాణాలు మూసేస్తారు.

పోయిన ఏడాది దసరా, యోమ్ కిప్పూర్ రెండూ అక్టోబర్ 2నే పడ్డాయి. ఆ రోజు దేశంలో విమానాశ్రయం కూడా మూసేస్తారు, రోడ్ల మీద సైకిళ్లు తొక్కే పిల్లలే కనిపిస్తారు. అలాంటి రోజున ఎవరు ఎక్కడికి పోగలరు? ఈసారి ఆ బాధ లేదు.

రమత్ గాన్ చెల్లెలు:
అన్నా, ఒక సందేహం. వాళ్లదీ చంద్రుడి లెక్కే అంటారు, మనదీ అంతే. పోయినసారి ఒకే రోజున పడ్డ పండుగలు ఈసారి నెల తేడాతో ఎందుకు వస్తున్నాయి? నేను పనిచేసే ఇంటి పెద్దావిడ అడిగితే చెప్పలేకపోయాను.

సమన్వయకర్త:
మంచి ప్రశ్న అమ్మా, కొంచెం పొడుగ్గా చెప్తాను.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. సౌర సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చకపోతే పంట పండుగలు రుతువు తప్పుతాయి. అందుకే ఇద్దరమూ అప్పుడప్పుడు ఒక నెల కలుపుకుంటాం. కాకపోతే కలిపే పద్ధతి వేరు. వాళ్లు 19 ఏళ్ల చక్రంలో 3, 6, 8, 11, 14, 17, 19వ సంవత్సరాలకు అదారు నెలను రెండుసార్లు లెక్కిస్తారు. ఇది ముందే స్థిరపడిన లెక్క. మనకైతే ఏ చాంద్రమాసంలో సూర్య సంక్రమణం (సూర్యుడు రాశి మారడం) జరగదో అది అధికమాసం. ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం వచ్చింది కదా, దాంతో ఆ తర్వాతి మన పండుగలన్నీ ఆలస్యమయ్యాయి. వాళ్ల 5787వ సంవత్సరం ఇప్పుడు సెప్టెంబర్‌లో మొదలవుతుంది. అది చక్రంలో 11వది, అదనపు అదారు 2027 ఫిబ్రవరి, మార్చి నెలల్లో గానీ రాదు. అప్పటిదాకా మనం ఒక నెల వెనక నడుస్తాం. అందుకే రోష్ హషానాతో మొదలయ్యే వాళ్ల తిష్రే నెల ఈసారి మన భాద్రపదంతో కలిసి వస్తోంది. రోష్ హషానా ముగిసిన మర్నాడే, సెప్టెంబర్ 14న మనకు వినాయక చవితి.

2027లో మళ్లీ చిక్కే. రోష్ హషానా అక్టోబర్ 2, దసరా 9, యోమ్ కిప్పూర్ 11. వచ్చే ఏటి సమితి ఇప్పుడే రాసిపెట్టుకుంటే మంచిది.

ఇంకో సంగతి నాకు భలే నచ్చుతుంది. రోష్ హషానా మొదటి పగలు (ముందురోజు సాయంత్రం లెక్కలోకి రాదు) ఎప్పుడూ ఆదివారం, బుధవారం, శుక్రవారం పడకుండా చూసుకుంటారు. బుధవారం మొదలైతే యోమ్ కిప్పూర్ శుక్రవారం పడి, వెంటనే షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా ఉండే విశ్రాంతి దినం) వస్తుంది. వరుసగా రెండు రోజులు పొయ్యి వెలగదు, శవాన్ని పూడ్చడానికి కూడా వీలుండదు. అందుకని ఒక రోజు జరుపుతారు. మన పంచాంగకర్తలు వారం చూసి తిథిని జరపరు, తిథి వచ్చిన రోజే రోజు.

జెరూసలేం అక్క:
లెక్క బాగుంది తమ్ముడూ, కానీ శనివారం పగలంటే మేం ఎలా రావాలి? మాకు బస్సుల్లేవు, రైలు లేదు, ట్రామ్ కూడా లేదు. శనివారం రాత్రి పెట్టండి. షబ్బాత్ ఏడు గంటల ప్రాంతంలో ముగుస్తుంది, తర్వాత బస్సులు మెల్లగా మొదలవుతాయి.

రవాణా బృందం:
అక్కా, రాత్రి పెడితే మొదటి బస్సు పట్టుకుని మీరు ఇక్కడికి వచ్చేసరికే తొమ్మిది దాటుతుంది. ఇళ్లలో ఉండి పనిచేసేవాళ్లకు ఆ రాత్రికి తిరిగి చేరాల్సిన పని ఉంటుంది. పగలే మేలు. డమాస్కస్ గేటు దగ్గర హనెవియిమ్ వీధి నుంచి శనివారం కూడా టెల్ అవీవ్‌కు షేర్ టాక్సీలు నడుస్తాయి. మీరు పదిమంది పైన ఉంటే ఒక వ్యాను మాట్లాడతాను, ఖర్చులో సగం సంఘం భరించాలి. టెల్ అవీవ్, రమత్ గాన్, గివతాయిమ్ వాళ్లకు ఇబ్బంది లేదు, 2019 నుంచి వారాంతపు ఉచిత బస్సులు ఉన్నాయి.

జెరూసలేం అక్క:
వ్యాను అయితే సరే. మేం పన్నెండు మందిమి. పదింటికల్లా బయలుదేరాలి.

హర్జెలియా తమ్ముడు:
నేను పనిచేసే ఇంట్లో వాళ్లు నిష్ఠ గలవాళ్లు. షబ్బాత్ నాడు వాళ్లు ఫోను ముట్టుకోరు, కారు తీయరు. అందుకే ఆ రోజు నేను ఉండాలంటారు. సెలవు ఎలా అడగాలి?

సమన్వయకర్త:
మనకు ఏడాదికి తొమ్మిది పండుగ సెలవులు ఉంటాయి. మన పండుగలనైనా యూదు పండుగలనైనా ఎంచుకునే వీలుంది. ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి, బదులుగా సుక్కోత్‌లో ఒక రోజు ఉంటానని చెప్పి చూడు. పండుగలు మొదలయ్యాక అడిగితే ఎవరూ వినరు. సెప్టెంబర్ నెలంతా ఇక్కడ అందరి నోటా ఒకటే మాట, పండుగలయ్యాక చూద్దామని. హాలువాళ్లయినా, సౌండ్ పెట్టేవాళ్లయినా, నగరపాలక సంస్థ అయినా అంతే. మనం చేయాల్సినవన్నీ సెప్టెంబర్ 10 లోపు ముగించాలి.

వేదిక బృందం:
హయార్కోన్ పార్కు గురించి కొందరు అడిగారు. పక్కనే నది ఉంది కాబట్టి ఊరించే మాటే. కానీ అంతమందికి అనుమతి తెచ్చుకోవాలి, పైగా అక్టోబర్ అంటే తొలి వానల కాలం. వాళ్లు కూడా అక్టోబర్ 3న గుడిలో వాన కోసం ప్రార్థన చేస్తారు, అది ఫలిస్తే మన బతుకమ్మలు తడుస్తాయి! దక్షిణ టెల్ అవీవ్‌లో, బస్ స్టేషన్ దగ్గర ఒక హాలు చూశాను. కోషర్ (యూదుల ఆహార నియమాలు) ధ్రువపత్రం లేదు కాబట్టి శనివారం ఇస్తారు, బయటి వంట తెచ్చుకోవచ్చు. కింద దాడులప్పుడు తలదాచుకునే రక్షణ గది ఉంది, అది లేనిదైతే నేను ఒప్పుకోను. నిమజ్జనానికి పెద్ద తొట్టి పెడదాం, నదిలో పూలు వేయవద్దు.

వంట బృందం:
పులిహోర, దద్దోజనం, నువ్వుల సద్ది, మలీద. మాంసం వద్దు. మనం పనిచేసే ఇళ్ల కుటుంబాలను పిలుస్తామంటున్నారు కాబట్టి చెప్తున్నా, శాకాహారం అయినంత మాత్రాన వాళ్లకు కోషర్ అయిపోదు. మన గిన్నెల్లో వండింది నిష్ఠ గలవాళ్లు తినరు. కొత్తిమీర, పుదీనా ఆకులో పురుగు ఉందేమోనని కూడా చూస్తారు. బలవంతపెట్టకండి. వాళ్లకు వేరే బల్ల మీద ముక్కలు చేయని పండ్లు, కోషర్ ముద్ర ఉన్న పొట్లాలు, కాగితం పళ్లేలు పెడదాం. అసలు వాళ్లు షబ్బాత్ నాడు కారెక్కి రారు, వచ్చేది పట్టింపు లేని కుటుంబాలే. అయినా బల్ల ఉండాలి.

రమత్ గాన్ చెల్లెలు:
వదినా, వచ్చే ఏడు ఉగాది కూడా ఇప్పుడే అనుకుందామా? యూదుల వసంత పండుగ పెసఖ్‌లో పడితే మా ఇంట్లో అన్నం, పప్పు రెండూ బంద్.

వంట బృందం:
ఉగాది 2027 ఏప్రిల్ 7, పెసఖ్ 21 సాయంత్రం. బతికిపోయాం. మీ ఇంటివాళ్లు ఐరోపా నుంచి వచ్చినవాళ్లయి ఉంటారు. వాళ్లు ఆ వారం పులిసిన రొట్టెతో పాటు బియ్యం, పప్పులు కూడా ముట్టరు. మా ఇంటి పెద్దాయన ఇరాక్ మనిషి, పెసఖ్ రోజున కూడా మా వంటింట్లో అన్నం ఉడుకుతుంది. వచ్చేయ్, డబ్బా కట్టిస్తా.

హైఫా పూల బృందం:
తంగేడు, గునుగు ఇక్కడ దొరకవని అందరికీ తెలుసు. బంతి, చామంతి సరిపోతాయి. పూల మార్కెట్ శుక్రవారం మధ్యాహ్నానికే మూసేస్తారు కాబట్టి 16న పొద్దున్నే కొనాలి, రాత్రి తడి గుడ్డలో ఉంచాలి. మా దగ్గర శనివారం కూడా కొన్ని బస్సులు తిరుగుతాయి, స్టేషన్ దాకా వస్తాం, అక్కడినుంచి వ్యాను చూడండి.

ప్రచార బృందం:
పోస్టర్ సిద్ధంగా ఉంది. అక్టోబర్ 1న పెట్టనా?

సమన్వయకర్త:
వద్దు. 2023 అక్టోబర్ 7 హమాస్ దాడి సింహత్ తోరా నాడే జరిగింది. ఆ పండుగ నుంచి 7వ తేదీ దాకా చాలా ఇళ్లలో దుఃఖం ఉంటుంది, మనం పనిచేసే ఇళ్లలో కూడా. సెప్టెంబర్‌లోనే ఒకసారి పెట్టు, మళ్లీ 8 తర్వాత. ఆ మధ్యలో పాటల వీడియోలు ఎవరూ పంచవద్దు.

గుంటూరు అన్న:
ఒప్పుకుంటున్నా. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులు ఉన్నారని మా పెద్దాయనకు చెప్తే ఇప్పటికీ నమ్మడు. ఆ రోజు ఎవరైనా వివరంగా చెప్పాలి ఆయనకు. హాలు బయానాలో నా వంతు పంపించాను, చూసుకోండి.

రవాణా బృందం:
వ్యానుల పేర్లు సెప్టెంబర్ 6 ఆదివారం లోపు ఇక్కడే రాయండి. తర్వాత వచ్చిన పేర్లకు సీటు ఉండదు.